సబ్‌ఫ్లోర్ పాడైందా? హార్డ్‌వుడ్ వేసే ముందు చేయాల్సిన పని

[కిచెన్. పాత ఫ్లోరింగ్ తీసేసి ఉంది. డిష్‌వాషర్ ముందు నల్లబడిన చోట కెమెరా ఆగుతుంది.]

నమస్కారమండీ. అమెరికాలో చెక్క ఇంట్లో ఉంటూ, కార్పెట్టో వినైలో తీసేసి హార్డ్‌వుడ్ వేద్దామనుకుంటున్న మనవాళ్ల కోసం ఈ వీడియో. టెక్సాస్‌లో చాలా ఇళ్లకు కింద కాంక్రీట్ స్లాబే ఉంటుంది. వాళ్ల పద్ధతి వేరు, అది ఇందులో లేదు.

చెక్క ఇంట్లో సాధారణంగా 16 అంగుళాలకొక జాయిస్టు (ఫ్లోర్‌ను మోసే చెక్క దూలం), వాటి మీద ముప్పావు అంగుళం ప్లైవుడ్ గానీ ఓఎస్‌బీ (చెక్క పేళ్లను జిగురుతో అదిమి చేసిన షీటు) గానీ ఉంటుంది. అదే సబ్‌ఫ్లోర్. హార్డ్‌వుడ్ మేకులకు పట్టు దొరికేది అందులోనే. అది మెత్తబడితే ఎంత ఖరీదైన ఓక్ వేసినా మేకులు వదులవుతాయి, అడుగేసినప్పుడల్లా కిర్రుమంటుంది.

ముందు నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో పట్టుకోండి. డిష్‌వాషర్ పైపు, ఫ్రిజ్ వెనక ఐస్ మేకర్‌కి వెళ్లే సన్న ట్యూబు, టాయిలెట్ కింద నీళ్లు కారకుండా పెట్టే వ్యాక్స్ రింగు (మైనపు వలయం): ఎక్కువసార్లు ఈ మూడిట్లోనే దొరుకుతుంది. కింద క్రాల్ స్పేస్ (పాకుతూ వెళ్లేంత ఖాళీ) ఉంటే, మట్టి తేమ పైకి రాకుండా 6 మిల్ (అంగుళంలో వెయ్యింట ఆరు వంతుల మందం) ప్లాస్టిక్ షీటు పరిచి ఉందో లేదో చూడండి. లీకు ఆపకుండా ప్లైవుడ్ మార్చడం డబ్బు దండగ.

[దగ్గరి షాట్: స్క్రూడ్రైవర్ మొన ఓఎస్‌బీలోకి దిగుతోంది.]

మరక కనిపించినంత మేరా కుళ్లినట్టు కాదు. స్క్రూడ్రైవర్‌తో ప్రతి నాలుగైదు అంగుళాలకూ పొడిచి చూడండి. గట్టిగా ఎదురు తగిలితే ఆ చెక్క బతికే ఉంది, ఆరబెడితే చాలు. మొన దిగబడి, ముక్కలు తడిసిన అటుకుల్లా విడిపోతుంటే అక్కడ కోయాల్సిందే. దాని మీద పల్చటి ప్లైవుడ్ కొట్టి కప్పేస్తామనే పనివాళ్లున్నారు. ఒప్పుకోకండి.

ఇక తేమ. ఫ్యాను, డీహ్యూమిడిఫయర్ పెట్టి ఆరబెట్టాక మీటర్‌తో చాలా చోట్ల కొలవండి. సబ్‌ఫ్లోర్ 12 శాతం దాటితే ఆగండి. కొత్త బోర్డుల తేమ కూడా కొలవాలి. బోర్డు 3 అంగుళాలు, అంతకన్నా వెడల్పుంటే రెండిటికీ తేడా 2 శాతం లోపు ఉండాలి, సన్నబోర్డులకు 4 వరకు పర్వాలేదు. తేడా ఎక్కువైతే బోర్డు అడుగు భాగం తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, అంచులు పైకి లేస్తాయి.

[రంపం బ్లేడు లోతు సెట్ చేస్తున్న చేతులు.]

కోసేటప్పుడు సర్క్యులర్ సా బ్లేడు లోతు సబ్‌ఫ్లోర్ మందానికే పెట్టండి, కింద వైర్లు, పైపులు ఉంటాయి. కోసే గీత మీదున్న మేకులన్నీ ముందే పీకేయండి. కోత జాయిస్టు నట్టనడుమ పడాలి. జాయిస్టు మందం అంగుళంన్నర, కాబట్టి పాత ముక్కకు ముప్పావు, కొత్త ముక్కకు ముప్పావు ఆనిక దొరుకుతుంది. గోడ వారన రంపం పట్టని చోట మల్టీటూల్ (అటూ ఇటూ కంపించే చిన్న బ్లేడు మెషీను) వాడి, కొత్త ముక్క ఆనడానికి జాయిస్టు పక్కన టూ బై ఫోర్ చెక్క బిగించండి. జాయిస్టు లేని అంచుల కింద టూ బై సిక్స్ అడ్డచెక్కలు తప్పనిసరి. ఇవి మానేసిన అతుకే తర్వాత కుంగుతుంది.

జాయిస్టులను కూడా పొడిచి చూడండి. పైపైన మెత్తబడిన మామూలు జాయిస్టుకు అదే ఎత్తు చెక్కను జిగురు, బోల్టులతో జోడించవచ్చు. చివర గోడ మీద ఆనే చోట కుళ్లినా, ఐ ఆకారపు జాయిస్టు దెబ్బతిన్నా స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని పిలవండి.

కొత్త షీటు మందం పాతదానితో కలవాలి. ముప్పావు అని అడిగితే స్టోర్‌లో 23/32 అని ముద్రించినదే ఇస్తారు, కాబట్టి కోసిన ముక్కను పక్కన పెట్టి కొలవండి. ముక్క కనీసం మూడు జాయిస్టుల మీద ఆనాలి, బలమైన దిశ (సాధారణంగా షీటు పొడవు వైపు) జాయిస్టులకు అడ్డంగా ఉండాలి. జాయిస్టు మీద సబ్‌ఫ్లోర్ జిగురు పెట్టి, చుట్టూ అంగుళంలో ఎనిమిదో వంతు ఖాళీ వదిలి, రెండున్నర అంగుళాల డెక్ స్క్రూలు బిగించండి: అంచుల్లో 6 అంగుళాలకొకటి, మధ్యలో 8కి. డ్రైవాల్ స్క్రూలు వద్దు, పెళుసువి, తల తెగిపోతుంది.

ఇప్పుడు మట్టం. 10 అడుగుల స్ట్రెయిట్‌ఎడ్జ్ (వంకర లేని పొడవాటి పట్టీ) కింద 3/16 అంగుళం మించి సందు ఉండకూడదు. ఎత్తు ఎక్కువగా వచ్చేది తడికి ఉబ్బిన షీటు అంచుల్లో, 36 గ్రిట్ గరుకు కాగితంతో సాండింగ్ చేస్తే పోతుంది. పల్లాలను ఫెల్ట్ పేపర్ (తారు పట్టించిన మందపాటి కాగితం) పొరలతోనో పల్చటి ప్లైవుడ్‌తోనో నింపండి. మేకులు కొట్టే ఫ్లోర్ కింద సెల్ఫ్ లెవెలర్ (తనంతట మట్టమై గట్టిపడే సిమెంట్ మిశ్రమం) పోయకండి, మేకు దిగినచోటల్లా పగిలి పొడవుతుంది.

ఒక హెచ్చరిక: 1980కి ముందు కట్టిన ఇంట్లో 9 అంగుళాల పలకలు, నల్లటి జిగురు కనిపిస్తే వాటిలో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. ల్యాబ్ పరీక్ష వచ్చేదాకా గీకకండి, సాండింగ్ చేయకండి.

చివరగా దుమ్ము ఊడ్చి, 15 పౌండ్ల రకం ఫెల్ట్ పేపర్‌ను అంచు మీద అంచు 4 అంగుళాలు వచ్చేలా పరవండి. హార్డ్‌వుడ్ బోర్డులు జాయిస్టులకు అడ్డంగా సాగాలి. గది అందం కోసం సమాంతరంగానే కావాలంటే, ఫెల్ట్ కంటే ముందు అర అంగుళం ప్లైవుడ్ ఇంకో పొర వేయండి.