చెవి చెబితే దవడ వింటుంది

అందరికీ నమస్కారం. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం దాటుతున్న మనిషిని ఒకసారి తలచుకోండి. నిలబడి తేగ నములుతున్నాడు. పంటు ఒడ్డుకు తగిలి ఒక్క కుదుపు కుదిపింది. మోకాళ్లు వంగాయి, మెడ సర్దుకుంది, చూపు ఎదుటి మనిషి మీదే నిలిచింది. దవడ సంగతి మాత్రం ఎవరూ అడగరు. కింది దవడ రెండు కీళ్ల దగ్గర పుర్రెకు వేలాడే ఎముక. తల కుదిపినప్పుడల్లా అది ఊగిపోవాలి, పళ్లు కొట్టుకోవాలి, నాలుక నలగాలి. అలా జరగడం లేదంటే దాన్ని ఎవరో పట్టుకుని ఉన్నట్టే కదా.

చెంపల మీద వేళ్లు పెట్టి పళ్లు బిగించండి. వేళ్ల కింద గట్టిపడి ఉబ్బేది మాసెటర్ కండరం. దాని లోపల కదురు ఆకారంలో, సాగుదలను కనిపెట్టే సన్నని తంతువులున్నాయి. దవడ కాస్త జారగానే ఆ కబురు మెదడు కాండానికి చేరి, ఒకే ఒక్క నాడీ సంధి దాటి, దాదాపు 8 మిల్లీసెకన్లలో అదే కండరానికి తిరిగొస్తుంది. నోరు తెరిచే కండరాల్లో ఈ తంతువులు దాదాపు లేవు. అందుకే గడ్డం మీద సుత్తితో తడితే నోరు మూసుకుంటుంది గానీ తెరుచుకోదు.

ఇది మొదటి కాపలా. రెండోది లోపలి చెవిలో ఉంది. అక్కడ యుట్రికిల్, శాక్యూల్ అనే రెండు చిన్న సంచుల్లో జిగురు పొర మీద కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు పరిచి ఉంటాయి. తల వాలినా కుదిపినా అవి వెనకబడి కింది రోమకణాలను వంచుతాయి. ఆ కబురు ఎనిమిదో కపాల నాడి వెంట మెదడు కాండంలోని సంతులన కేంద్రాలకు, అక్కడి నుంచి దవడ కండరాలను నడిపే అయిదో నాడి కేంద్రానికి పోతుంది. ఇటలీలోని సస్సారి విశ్వవిద్యాలయం పరిశోధకులు 2003లో ఆరోగ్యవంతుల చెవి వెనక ఎముక మీద చిన్న విద్యుత్ ప్రేరణ ఇచ్చి, 11 మిల్లీసెకన్ల దగ్గర మాసెటర్‌లో దీని జాడ చూపించారు. మెడ కండరంలో ఇలాంటి జాడను సిడ్నీలో కోల్‌బాచ్, హల్మాగి 1992లోనే చూపారు. అది 13 మిల్లీసెకన్ల దగ్గర, ముఖ్యంగా ప్రేరణ ఇచ్చిన చెవి వైపే వస్తుంది. మాసెటర్‌లో ఒక చెవిని కదిపినా రెండు చెంపల్లోనూ వస్తుంది. దవడ ఒకటే ఎముక, ఒక పక్కనే సర్దితే కుదరదు మరి.

ఇది దవడ బిగుసుకోవడం కాదు, కంటికి ఏమీ కనబడదు. పనిచేస్తున్న కండరం విద్యుత్ చర్యలో వచ్చే చిన్న మార్పు, అంతే. ఈ జాడను మాసెటర్‌లో కొలిచి చెవి సంతులనాన్ని చూసే పరీక్షలో మొదటి తప్పు అందుకే ఇక్కడే దొర్లుతుంది. రోగి దవడ వదిలేసి కూర్చుంటే గీత చదునుగా వస్తుంది, చెవి చెడిందని రాసేస్తారు. ఒక ఎలక్ట్రోడ్ దవడ మూలకు కాస్త పైన కండరం మీద, రెండోది చెంప ఎముక దగ్గర, ఎర్త్ నుదుటి మీద పెట్టాలి. తెర మీద గీత చూపిస్తూ, గట్టిగా కొరికే బలంలో సుమారు సగం వరకు స్థిరంగా కొరికించాలి. వందకు పైగా స్పందనల సగటు తీయాలి, మధ్యమధ్య విశ్రాంతినివ్వాలి.

విద్యుత్‌కు బదులు చెవికి శబ్దం వినిపించి ఈ పరీక్ష చేసినప్పుడు ఇంకో చిక్కుంది. 11 మిల్లీసెకన్ల దగ్గరి అల లోపలి చెవిలోని సంతులన భాగానిది, 16 మిల్లీసెకన్ల దగ్గర వచ్చేది వినికిడి భాగానిది. శబ్దం చాలకపోతే మొదటిది పోయి రెండోదే మిగులుతుంది, దాన్ని చూసి సంతులనం బాగుందనుకుంటారు. అలాగని శబ్దం ఇష్టమొచ్చినట్టు పెంచితే వినికిడికే ముప్పు. చీము కారే చెవి, గుబిలి పట్టిన చెవి శబ్దాన్ని లోపలికి చేరనివ్వవు. కాబట్టి ముందు చెవిలోకి చూడండి, మధ్య చెవి జబ్బుంటే ఎముక మీద కంపనంతో చేయండి.

ఇక కట్టుడు పళ్లు చేసేవారికి. నిటారుగా కూర్చుని పెదాలు తేలిగ్గా కలిపితే పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య 2 నుంచి 4 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది. తల వెనక్కి వాలిస్తే అది పెరుగుతుంది. ఈ మార్పంతా చెవి పనే అనకూడదు, దవడ బరువు, మెడ కండరాల లాగుడు కూడా అందులో ఉన్నాయి. కారణం ఏదైనా, కుర్చీ వాల్చి కొలత తీస్తే పళ్ల సెట్టు ఎత్తుగా తయారవుతుంది. మాట్లాడేటప్పుడు టకటకలాడుతుంది, సాయంత్రానికి చెంపలు లాగేస్తాయి. హెడ్‌రెస్ట్ తీసేసి, నిటారుగా కూర్చోబెట్టి, "మ" అనిపించి కొలవండి.

చెవికీ దవడకూ ఈ సంబంధం ఉంది కదా అని కళ్లు తిరిగే ప్రతి మనిషికీ పళ్లు అరగదీయడం పెద్ద పొరపాటు. అరగదీసిన పన్ను మళ్లీ రాదు. పక్క మీద దొర్లినప్పుడో, పైకి చూసినప్పుడో నిమిషం లోపు గిర్రున తిరిగి ఆగిపోతే, యుట్రికిల్ నుంచి ఊడిన స్ఫటికాలు అర్ధవృత్తాకార నాళంలో పడ్డాయేమో చూడాలి. తల పక్కకు తిప్పి వెనక్కి పడుకోబెట్టి చూసే డిక్స్ హాల్‌పైక్ పరీక్షలో తేలితే ఎప్లీ పద్ధతిలో తల తిప్పి వాటిని వెనక్కి పంపొచ్చు. తిరుగుడుతో పాటు మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనబడటం, చెయ్యో కాలో పడిపోవడం ఉంటే అది పక్షవాతం కావచ్చు, వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి.

కోనసీమలో కొబ్బరి దింపు తీసేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. గెల కోసం తల పైకెత్తే ఆ ఒక్క కదలికే స్ఫటికాలను కదుపుతుంది. అలాంటి మనిషి దవడ నొప్పి, తల తిరుగుడు రెండూ చెబుతూ వస్తే దవడ సంగతి తర్వాత చూడొచ్చు. పరీక్షలో తిరుగుడు పోయిందని తేలేవరకు చెట్టు ఎక్కనివ్వకండి.