నిలబెట్టిన కారు: శ్రీకాకుళంలో అమ్మానాన్నల చిన్న సుజుకి

అందరికీ నమస్తే. ఇవాళ్టి వీడియో శ్రీకాకుళం నుంచి. మీకు కనిపిస్తున్నది వ్యాగన్ ఆర్, కె10బి ఇంజన్, 998 సీసీ, మూడు సిలిండర్లు. నంబరు ప్లేటు మీద ఏపీ 30 ఉంది చూడండి, అంటే 2019కి ముందు ఈ జిల్లాలో రిజిస్టరైన బండి. అదే విజయనగరం అయితే ఏపీ 35 ఉండేది. ఆ తర్వాత కొత్త బళ్లకి రాష్ట్రమంతా ఏపీ 39 అయిపోయింది. విదేశాల్లో ఉన్న పిల్లలు ఊళ్లో పెద్దవాళ్లకి కొనిపెట్టే కార్లు ఎక్కువగా ఇవే: వ్యాగన్ ఆర్, ఆల్టో, స్విఫ్ట్. ఆసుపత్రికి, అరసవల్లికి, చుట్టాల పెళ్లిళ్లకి బయటికి తీస్తారు. మిగతా రోజులన్నీ పోర్టికోలో కవరు కప్పుకుని ఉంటుంది. ఆ మిగతా రోజుల గురించే ఈ వీడియో. ఈ చిన్న జపాన్ బండి తిరిగితే పాడవడం తక్కువ, నిలబడి పాడవడమే ఎక్కువ.

జపాన్‌లో ఉంటున్న మనవాళ్లకి వ్యాగన్ ఆర్ అక్కడి వీధుల్లో ఎలా ఉంటుందో తెలుసు. 1993లో అది కే కారుగా, అంటే జపాన్‌లోని చిన్న కార్ల తరగతిలో వచ్చింది. ఇప్పుడున్న లెక్క ప్రకారం కే కారు ఇంజన్ 660 సీసీ దాటకూడదు, పొడవు 3.4 మీటర్లు దాటకూడదు. మన దగ్గర అమ్మేది అంతకంటే కాస్త పెద్దది. బండి కంటే పెద్ద తేడా ఇంకోచోట ఉంది. అక్కడ కొత్త కారుకి మూడేళ్లకి, ఆ తర్వాత ప్రతి రెండేళ్లకి షాకెన్ అనే తనిఖీ తప్పనిసరి. బ్రేకులు, లైట్లు, పొగ, అడుగుభాగం అన్నీ చూసి పంపిస్తారు. మన సొంత కారుకి ఫిట్‌నెస్ చూసేది పదిహేనేళ్లు నిండాక, ఆర్సీ రెన్యువల్ రోజున. ఈలోగా బండి కిందికి తొంగి చూడవలసింది ఇంట్లోవాళ్లే.

ముందు బానెట్ ఎత్తుదాం. ఎడాపెడా ఏదీ ముట్టుకోకండి, మొదట బ్యాటరీ చూడండి. దీని మీద 38బి20ఎల్ అని రాసి ఉంటుంది. ఇది 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే బ్యాటరీలో పట్టే కరెంటు లెక్క) చిన్న బ్యాటరీ. చివరి అక్షరం ఎల్ అయినా ఆర్ అయినా ఒకటే అనుకుని కొనేస్తారు. అది టెర్మినల్ ఏ పక్క ఉందో చెప్పే అక్షరం, మారితే వైరు అందదు. తాళం తీసేసినా బండి పూర్తిగా నిద్రపోదు. లాకు, అలారం, స్టీరియో జ్ఞాపకం, ఇంజన్ కంప్యూటర్ కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. అన్నీ కలిపి 30 మిల్లీ ఆంపియర్లు అనుకోండి. రోజుకి 0.7 ఏహెచ్ పైనే పోతుంది, మూడు వారాలకి 15. అంటే 35లో దాదాపు సగం. జీపీఎస్ ట్రాకరో, డాష్ కెమెరానో పెట్టించి ఉంటే ఇంకా తొందరగా దిగిపోతుంది. అలా దిగిన బ్యాటరీని వారాల తరబడి వదిలేస్తే లోపలి పలకల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది. తర్వాత ఎంత ఛార్జి చేసినా పాత బలం రాదు.

అందుకని ఇంట్లో ఒక మల్టీమీటర్ ఉంచండి. ఎలక్ట్రికల్ షాపులో తక్కువ ధరకే దొరుకుతుంది. రాత్రంతా ఆగి ఉన్న బండికి ఉదయాన్నే రెండు టెర్మినల్స్ మీదా పెట్టి చూడండి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు వంతు. 12 దగ్గరకి వచ్చిందంటే ఖాళీ అయినట్టే లెక్క. స్టార్ట్ చేశాక 13.8 నుంచి 14.4 మధ్య చూపిస్తే బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్ పని చేస్తున్నట్టు. నెల పైన బండి కదలదని ముందే తెలిస్తే 10 ఎంఎం స్పానర్‌తో నెగటివ్ టెర్మినల్ విప్పేసి పక్కకి తిప్పి ఉంచండి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ ఆఖరున. తిరగేసి చేస్తే, పాజిటివ్ మీదున్న స్పానర్ బాడీకి తగిలిందంటే నిప్పులు లేస్తాయి.

పక్కింటివాళ్ల కారుతో జంప్ ఇచ్చేటప్పుడు కూడా వరస ముఖ్యం. ఎర్ర వైరు ముందు దిగిపోయిన బ్యాటరీ పాజిటివ్‌కి, రెండో చివర మంచి బ్యాటరీ పాజిటివ్‌కి. నల్లది మంచి బ్యాటరీ నెగటివ్‌కి. నల్లదాని రెండో చివర దిగిపోయిన బ్యాటరీకి కాదు, ఆ బండి ఇంజన్ మీద రంగు లేని ఇనుప ముక్కకి. బ్యాటరీ దగ్గర గ్యాసు ఉండొచ్చు, నిప్పురవ్వ అక్కడ పడకూడదు.

ఇప్పుడు పెద్దవాళ్లందరూ ప్రేమతో చేసే పొరపాటు ఒకటి. రోజూ పొద్దున్న స్టార్ట్ చేసి రెండు నిమిషాలుంచి ఆపేస్తారు. "బాబూ, రోజూ ఇంజన్ వేస్తన్నాను, బండికేటీ అవదు" అని ఫోన్లో నమ్మకంగా చెబుతారు. స్టార్టర్ లాగిన కరెంటు ఆ రెండు నిమిషాల్లో తిరిగి రాదు. పెట్రోలు మండితే నీటి ఆవిరి పుడుతుంది. ఇంజన్ వేడెక్కక ముందే ఆపేస్తే అది సైలెన్సర్‌లోనూ, ఆయిల్‌లోనూ నీరై దిగుతుంది. ఆయిల్ పోసే మూత తిప్పి చూడండి, లోపల మజ్జిగ రంగు నురగ ఉంటే కారణం ఎక్కువగా ఇదే. పదిహేను కిలోమీటర్లు నడిపాక కూడా నురగ పోకపోతే, కూలెంట్ కూడా తగ్గుతుంటే మాత్రం మెకానిక్‌కి చూపించాలి, ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు, హెడ్ గ్యాస్కెట్, పోయిందేమోనని అనుమానం. రోజూ రెండు నిమిషాల బదులు వారానికి ఒక్కసారి, ఆపకుండా అరగంట నడపండి. శ్రీకాకుళంలో ఉంటే ఆమదాలవలస వెళ్లి రావడం దీనికి చక్కగా సరిపోతుంది, పోనూ రానూ ఇరవై కిలోమీటర్లు దాటుతుంది. ఏడు రోడ్ల కూడలి వరకూ వెళ్లి కూరగాయలు తెస్తే లెక్కలోకి రాదు. ఆ ప్రయాణంలో పది నిమిషాలు ఏసీ వేయండి, చలికాలంలో కూడా. కంప్రెసర్ సీళ్లకి ఆయిల్ అందేది గ్యాసుతో పాటే. నెలల తరబడి వేయకపోతే సీలు ఎండి, గ్యాసు మెల్లగా జారిపోతుంది.

ఇంజన్ ఆయిల్ విషయంలో కిలోమీటర్లు చూసి మోసపోకండి. సర్వీసు పుస్తకం చెప్పేది పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. నిలబడే బండికి ఏడాదే ముందొస్తుంది. రెండువేలే తిరిగింది కదా అని వదిలేస్తే ఆ చెమ్మా, మండని పెట్రోలూ ఆయిల్‌లోనే ఉండిపోతాయి. ఫిల్టరుతో కలిపి ఈ ఇంజన్‌కి పట్టేది మూడు లీటర్లు, కాస్త అటూ ఇటూ. ఈ వయసు కె10కి 5డబ్ల్యూ-30 వాడతారు. కొత్త ఇంజన్లకి ఇంకా పల్చటి ఆయిల్ చెప్పారు కాబట్టి మీ బండి మాన్యువల్‌లో ఉన్నదే పోయించండి. డ్రెయిన్ బోల్టుకి కొత్త వాషర్ వేయమని దగ్గరుండి అడగండి. పాతదే వేసి, కారకూడదని బలంగా బిగిస్తే సంపు (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) మరలు అరిగిపోతాయి. ఈ కె సిరీస్ ఇంజన్‌లో వాల్వుల్ని సమయానికి తెరిపించే టైమింగ్ చెయిన్ ఉంది, దానికి మార్చే గడువంటూ లేదు, దాని ఆయుష్షంతా ఆయిల్ శుభ్రతలోనే ఉంది. ఆల్టో 800లో ఉన్న పాత 796 సీసీ ఇంజన్‌ది మాత్రం టైమింగ్ బెల్టు. అది రబ్బరు. మీటర్ తిరగకపోయినా ఏళ్లతో పాటు ముదురుతుంది. పదేళ్ల ఆల్టో ముప్పైవేలే తిరిగిందని సంబరపడకుండా బెల్టు మూత విప్పించి పగుళ్లున్నాయేమో చూపించండి.

పెట్రోలు కూడా నిలవ ఉంటే మారుతుంది. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. మనది తీర ప్రాంతం, గాలిలో తేమకి కొదవ లేదు. ట్యాంకు అడుగున నాలుగు లీటర్లుంచి మూడు నెలలు వదిలేస్తే మిగతా ఖాళీ అంతా తేమగాలే. 2023కి ముందు తయారైన చాలా బళ్లలో రబ్బరు పైపులు, సీళ్లు ఈ మిశ్రమానికని చేసినవి కావు. అందుకే పాత బండికి సర్వీసు చేయించినప్పుడల్లా పెట్రోలు పైపుల దగ్గర చెమ్మ, వాసన ఉన్నాయేమో చూడమనండి. ఎక్కువ రోజులు నిలపాలంటే ట్యాంకు నింపి నిలపండి. తిరిగి వాడేటప్పుడు సగానికి రాగానే మళ్లీ కొత్త పెట్రోలు పోయించండి.

ఇక హ్యాండ్‌బ్రేకు. దయచేసి ఇది ఇంట్లోవాళ్లకి చూపించండి. ఈ కార్లకి వెనక చక్రాలకి డ్రమ్ము బ్రేకులుంటాయి. బండి కడిగి, తడి ఆరకుండా హ్యాండ్‌బ్రేకు లాగి నెల రోజులు వదిలేస్తే బ్రేక్ షూ డ్రమ్ముకి తుప్పుతో అంటుకుపోతుంది. తర్వాత క్లచ్ వదిలితే బండి వెనక భాగం కిందికి కూర్చుంటుంది, కదలదు. బలవంతంగా లాగిస్తే షూ మీద లైనింగ్ ఊడొస్తుంది. పోర్టికో నేల సమతలంగా ఉంటే హ్యాండ్‌బ్రేకు వదిలేసి, ఫస్ట్ గేరులో ఉంచి, చక్రాలకి ముందూ వెనకా చెక్క ముక్కలు పెట్టండి. ఇటుక కంటే చెక్క నయం, ఇటుక పగిలిపోతుంది. మళ్లీ తీసేటప్పుడు చెక్కలు తీయడం మరిచిపోకుండా తాళం గుత్తికి ఒక ఎర్ర గుడ్డ కట్టుకోండి. ముందు డిస్కుల మీద కనిపించే నారింజ రంగు పొరకి భయపడనక్కర్లేదు, నాలుగైదుసార్లు మెల్లగా బ్రేకు తొక్కితే పోతుంది.

టైర్లకి గాలి ఎంతో డ్రైవర్ తలుపు తీస్తే స్తంభం మీద అంటించి ఉంటుంది. నెల పైన నిలిపితే దానికి నాలుగైదు పీఎస్ఐ ఎక్కువ పెట్టించండి, నేలకి ఆనిన చోట చదునవడం తగ్గుతుంది. టైరు పక్క గోడ మీద చిన్న అండాకారపు గీత లోపల నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. నిలబడే బళ్ల టైర్లకి గాట్లు లోతుగానే ఉంటాయి, రబ్బరు మాత్రం రాయిలా అయిపోతుంది, వానలో జారుతుంది. ఆరేళ్లు దాటాక గాట్లు చూసి కాదు, తేదీ చూసి మార్చండి. స్టెప్నీ తేదీ కూడా చూడండి, అందరూ మరిచిపోయేది అదే.

ఈ జిల్లాకి ప్రత్యేకమైన రెండు శత్రువులున్నాయి, ఉప్పు గాలి, ఎలక. కళింగపట్నం వెళ్లొస్తే ఆ సాయంత్రమే మంచినీళ్లతో అడుగుభాగం, చక్రాల గూళ్లు కడగండి. పైన మెరిసేలా తుడిచి కింద వదిలేస్తే తుప్పు కిందినుంచే వస్తుంది. తలుపుల అడుగు అంచున సన్నటి రంధ్రాలుంటాయి. అవి మట్టితో మూసుకుంటే నీళ్లు తలుపు లోపలే నిలిచిపోతాయి. ఒక అగరబత్తి పుల్లతో పొడిస్తే చాలు. ప్లాస్టిక్ కవరు వద్దు, లోపలి చెమ్మ బయటికి పోదు. గాలి ఆడే గుడ్డ కవరు కొనండి, బండి పూర్తిగా ఆరాకే కప్పండి.

ఎలకల కాలం కోతల తర్వాత మొదలవుతుంది. డిసెంబరు, జనవరిలో ధాన్యం బస్తాలు పోర్టికోలోనే, కారు పక్కనే పేరుస్తారు. బస్తాల కోసం వచ్చిన ఎలక రాత్రి బానెట్ కింద వెచ్చగా పడుకుంటుంది, వైర్లు కొరుకుతుంది, ఎయిర్ ఫిల్టర్ పెట్టెలో గూడు పెడుతుంది. నాఫ్తలీన్ ఉండలు, పొగాకు కాడలు కొన్నాళ్లే పనిచేస్తాయి, వాసన తగ్గితే మళ్లీ వస్తుంది. బస్తాలు వేరే గదికి మార్చడమే అసలు మందు. అది కుదరకపోతే రాత్రిపూట బానెట్ ఎత్తి ఉంచండి, చీకటీ వెచ్చదనమూ లేని చోట అది గూడు కట్టదు. బానెట్ కింద లైటున్న బండైతే అది వెలగకుండా చూసుకోండి. స్టార్ట్ చేసే ముందు ఎయిర్ ఫిల్టర్ మూత తెరిచి చూడడం అలవాటు చేయండి, క్లిప్పులే కాబట్టి నిమిషం పని.

అక్టోబరు, నవంబరు వచ్చాయంటే తుపాన్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ ఏం చేశాయో ఈ జిల్లాలవాళ్లకి చెప్పక్కర్లేదు. హెచ్చరిక రాగానే కారుని కొబ్బరిచెట్టు కిందనుంచి, రేకుల షెడ్డు పక్కనుంచి తీసి ఎత్తైన చోట పెట్టించండి. నీళ్లలో మునిగిందేమోనని అనుమానమున్న బండికి తాళం తిప్పనే కూడదు. గాలి గొట్టంలోంచి సిలిండర్‌లోకి నీళ్లు చేరితే పిస్టన్ వాటిని నొక్కలేదు, నీరు గాలిలా అణగదు. అప్పుడు కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఇంజన్ విప్పాల్సిందే. నెగటివ్ టెర్మినల్ తీసేసి, బండిని లారీ మీద ఎక్కించి పంపండి. ప్లగ్గులు విప్పి నీళ్లు బయటికి పోయేలా చేశాకే ఇంజన్ తిప్పుతారు. ఇలా తాళం తిప్పి పాడుచేసుకున్న ఇంజన్‌కి మామూలు ఇన్సూరెన్సులో డబ్బు రాదు, ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరు ఉండాలి. విదేశం నుంచి ఆన్‌లైన్లో రెన్యువల్ చేసేటప్పుడు ఆ గడిలో టిక్కు పెట్టండి. పాలసీ ముగిసి 90 రోజులు దాటిపోతే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు కూడా పోతుంది.

రోడ్డు మీద వినిపించే చప్పుళ్లు కొన్ని. గతుకుల్లో మెల్లగా వెళ్తుంటే ముందు నుంచి టక్ టక్ అంటే ముందు స్టెబిలైజర్ లింకు రాడ్ చూపించండి. చిన్న భాగం, పెద్ద ఖర్చు కాదు. ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్, సీటు కంపిస్తే ఇంజన్ మౌంటులు చూడాలి. మూడు సిలిండర్ల ఇంజన్‌కి కాస్త అదురు సహజం, ఇదివరకటి కంటే ఎక్కువైందా అన్నదే ప్రశ్న. ఎడమ సీటు కింద కార్పెట్ తడిసిందంటే ఏసీ నీళ్ల గొట్టం మూసుకుపోయిందేమో చూపించండి.

ఇక దూరంనుంచి మీరు చేయగలిగింది. ప్రతి నెలా మొదటి ఆదివారం నాన్నగారినో, బండి తీసే తమ్ముడినో మూడు ఫోటోలు పంపమనండి: మీటర్ రీడింగ్, బ్యాటరీ మీద పెట్టిన మల్టీమీటర్ అంకె, ఆయిల్ డిప్‌స్టిక్. డిప్‌స్టిక్ ఫోటో పొద్దున్న, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, ఒకసారి తుడిచి మళ్లీ ముంచి తీసినది కావాలి. ఆయిల్ రెండు గుర్తుల మధ్య ఉండాలి. మీటర్ రీడింగు కిందటి నెల కంటే 80 కిలోమీటర్లైనా పెరగాలి. పెరగకపోతే వారం వారం ఆమదాలవలస ప్రయాణం జరగలేదన్నమాట, ఆ ఆదివారమే ఫోన్ చేసి బండి బయటికి తీయించండి.