తొందరపడే నవ్వులు: యుద్ధకాలపు హాలీవుడ్ కామెడీపై చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ రోజు రెండో ప్రపంచ యుద్ధం నాటి స్క్రూబాల్ కామెడీల గురించి, అంటే గబగబా సాగే మాటలు, తింగరి గొడవలు, ప్రేమ కలిసిన హాస్య సినిమాల గురించి మాట్లాడుకుందాం. మేడమ్, బయట అంత ఘోరం జరుగుతుంటే థియేటర్లో జనం పడీ పడీ నవ్వారంటే, బాధ మరిచిపోవడానికేనా?

విమర్శకురాలు: అందరూ ఆ మాటే అంటారు, నేను ఒప్పుకోనండీ. మరిచిపోవడానికైతే యుద్ధం ఊసే లేని కథ తీసుకోవచ్చుగా! 1943లో జార్జ్ స్టీవెన్స్ తీసిన 'ద మోర్ ద మెరియర్' చూడండి. యుద్ధం పనుల మీద వాషింగ్టన్‌కు జనం పోటెత్తారు, గది దొరకడం గగనం. కథంతా దాని మీదే. జీన్ ఆర్థర్ తన ఫ్లాట్‌లో సగం అద్దెకిస్తానంటే చార్లెస్ కోబర్న్ వచ్చి దిగుతాడు. ఆ పెద్దాయన తన సగంలో సగం, ఆమెకు చెప్పకుండా, ఇంకో కుర్రాడికి ఇచ్చేస్తాడు!

ఎడిటర్: పొద్దుటి సీను ఉంది చూశారూ... బాత్‌రూమ్ ఎవరికెప్పుడు, కాఫీ ఎప్పుడు అని నిమిషాల లెక్కన టైమ్‌టేబుల్ వేసి ఆయనకిస్తుంది. ఆయన ఉరుకులు పరుగులు. తీరా చూస్తే ప్యాంటు కనబడదు. మొహం మాత్రం మహా సీరియస్. ఆ పాత్రకే ఆయనకు ఉత్తమ సహాయనటుడి ఆస్కార్ వచ్చింది.

వ్యాఖ్యాత: అయితే కిటుకంతా స్పీడ్‌లోనే ఉందంటారా?

ఎడిటర్: ఒట్టి స్పీడైతే అరగంటకే తలనొప్పి వస్తుంది. ఇందులోనే రాత్రిపూట మెట్ల మీద కూర్చునే సీను ఉంది. ఆమె తనకు కాబోయేవాడి గొప్పలు చెబుతుంటే, పక్కనున్న ఆ కుర్రాడు, జోయెల్ మెక్రీ, చేతులు ఊరుకోవు. ఆమె తోసేస్తూనే ఉంటుంది, మాట మాత్రం ఆపదు. కాసేపటికి ఆ మాటే తడబడుతుంది. పరుగు ఆగింది కాబట్టే ఆ సీను పండింది.

విమర్శకురాలు: ఆ కుర్రాణ్ని ఆఫ్రికా పంపబోతున్నారు, అది మరిచిపోకండి. 1930ల సినిమాల్లో చాలావరకు డబ్బున్నవాళ్లు ఊసుపోక తగువులాడుకునేవారు. ఇక్కడ తొందరకు అసలైన కారణం ఉంది.

వ్యాఖ్యాత: మరి దర్శకుడు ప్రెస్టన్ స్టర్జెస్ సినిమాలు?

విమర్శకురాలు: 'ద మిరకిల్ ఆఫ్ మోర్గన్స్ క్రీక్'! సైనికుల వీడ్కోలు పార్టీకెళ్లిన అమ్మాయికి తెల్లారేసరికి పెళ్లయిపోయి ఉంటుంది. వరుడెవరో గుర్తులేదు. పేరు రాట్స్కీవాట్స్కీ లాంటిదేదోనట! పైగా గర్భం. సెన్సార్ నియమాలు అంత గట్టిగా ఉన్న రోజుల్లో ఇది ఎలా బయటపడిందో! 1942లో షూటింగ్ మొదలైతే 1944లో గానీ విడుదల కాలేదు.

ఎడిటర్: నాకు మాత్రం అందులో అరుపులు ఎక్కువనిపిస్తాయి. హీరో ఎడ్డీ బ్రాకెన్ నత్తి కాసేపటికి విసుగు పుట్టిస్తుంది.

విమర్శకురాలు: అదేంటి సార్! టెన్షన్ వస్తే అతనికి నిజంగానే కళ్ల ముందు చుక్కలు కనిపిస్తాయి. అందుకే సైన్యంలో తీసుకోరు. ఊరంతా యూనిఫారమ్ వాళ్లనే చూస్తుంటే మిగిలిపోయినవాడు. ఆ నత్తి తీసేస్తే ఇంక పాత్ర ఎక్కడిది?

వ్యాఖ్యాత: కొత్తగా చూసేవాళ్లు దేనితో మొదలుపెట్టాలి?

ఎడిటర్: స్టీవెన్స్‌తో. ఒకసారి సబ్‌టైటిల్స్‌తో, ఇంకోసారి అవి తీసేసి. చదువుతూ కూర్చుంటే చేతులేం చేస్తున్నాయో కనబడదు.

విమర్శకురాలు: స్టర్జెస్‌తోనే. అరుపులతో సహా.