పౌలు ఓడ వెళ్లిన దారిలో: ఈజియన్ దీవుల మధ్య తెరచాప ప్రయాణం

వ్యాఖ్యాత: నమస్కారం. అపొస్తలుడైన పౌలు అస్సులో ఓడ ఎక్కి, మితులేనే, కీయొసు, సమొసు మీదుగా మిలేతు చేరినట్లు బైబిలులోని అపొస్తలుల కార్యముల 20వ అధ్యాయంలో చదువుతాం. ఆ దారిలో ఇప్పుడు తెరచాప పడవ మీద వెళ్లగలమా అండీ?

అతిథి: చాలావరకు వెళ్లవచ్చు. మితులేనే ఉన్న లెస్బోస్, తరువాతి ఖియోస్, సామోస్ దీవులు గ్రీసువే కానీ, అస్సు, మిలేతు తుర్కియేలో ఉన్నాయి కాబట్టి సరిహద్దు దాటేటప్పుడు రెండు వైపులా రేవుల్లో పత్రాల పని తప్పదు. మిలేతుకైతే నేరుగా పడవలో వెళ్లడమే కుదరదు. మెండెరెస్ నది తెచ్చిన ఒండ్రుతో ఆనాటి రేవు పూడిపోయి, శిథిలాలు సముద్రానికి కిలోమీటర్ల దూరంలో మిగిలాయి.

వ్యాఖ్యాత: ఆ గ్రంథం రాసిన లూకా ఒక్కొక్క రోజు మజిలీని విడిగా చెప్పడానికి కారణం ఏమిటి?

అతిథి: దీవులకూ తీరానికీ మధ్య ఇరుకైన దారుల్లో చీకటిపడ్డాక నడపడం ప్రమాదకరం కనుక, పగలు ఉత్తరపు గాలిని అందుకొని దక్షిణానికి సాగి, రాత్రికి లంగరు వేయడమే అనుకూలం. పెంతెకొస్తు పండుగ నాటికి యెరూషలేములో ఉండాలన్న తొందర పౌలుకు ఉంది. అందుకే ఎఫెసులో దిగకుండా, అక్కడి పెద్దలనే మిలేతుకు పిలిపించుకున్నాడు. ఆ తరువాత కోసు, రొదు (నేటి రోడ్స్), పతర. రోడ్స్‌లోని లిండోస్ దగ్గర పౌలు పేరుతో ఒక చిన్న అఖాతం ఉంది గానీ, అది స్థానిక సంప్రదాయమే. లూకా లిండోస్ మాట ఎత్తలేదు.

వ్యాఖ్యాత: వేసవి సెలవుల్లో బయలుదేరవచ్చా?

అతిథి: జూలై, ఆగస్టుల్లో మెల్తెమి అనే ఉత్తరపు గాలి ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడే రోజుల తరబడి వీస్తుంది, గాలి బలాన్ని కొలిచే బ్యూఫోర్ట్ కొలమానంపై 6, 7 స్థాయిలకు చేరుతుంది. దక్షిణానికి వెళ్లేవారికి అది సాయమే. తిరిగి ఉత్తరానికి రావలసినవారికి మాత్రం నరకం. కొత్తవారు జూన్ మొదట్లోనో సెప్టెంబరులోనో వెళ్లడం మంచిదని నా అభిప్రాయం.

వ్యాఖ్యాత: పత్మాసు దీవి సంగతి?

అతిథి: అక్కడ విమానాశ్రయం లేదు, ఎవరైనా సముద్రం మీదే రావాలి. స్కాలా రేవు నుంచి కొండమీది హోరా పట్టణానికి ఎక్కే దారిలో, ప్రకటన గ్రంథపు దర్శనం కలిగిందని సంప్రదాయం చెప్పే గుహ ఉంది. తాను ఆ ద్వీపంలో ఉన్నానని గ్రంథకర్తే రాశాడు; అయితే అతడు అపొస్తలుడైన యోహానేనా అని 3వ శతాబ్దంలోనే అలెగ్జాండ్రియా బిషప్ డయొనీసియస్ సందేహించారు. కొండపైన 1088లో క్రిస్తొదులోస్ అనే సన్యాసి స్థాపించిన మఠం కోటలా ఉంటుంది. ఊదారంగు తోలు పత్రాల మీద వెండి సిరాతో రాసిన 6వ శతాబ్దపు మార్కు సువార్త పత్రాలు 33 అక్కడి గ్రంథాలయానివే. పెద్ద క్రూయిజ్ ఓడలవారు కొన్ని గంటల్లో ఇదంతా చూపించేస్తారు. నాకు ఆ పద్ధతి నచ్చదు, కనీసం ఒక రాత్రి అక్కడ ఉండాలి.

వ్యాఖ్యాత: క్రీటు దగ్గర పౌలుకు గాలి ఎదురుతిరిగింది కదా?

అతిథి: అది మరో ప్రయాణం, ఖైదీగా రోమాకు వెళుతున్నాడు. యూదుల ఉపవాసదినం గడిచిపోయింది, అంటే శరదృతువు. క్రీటులోని మంచిరేవులు అనే చోటు చలికాలం గడపడానికి అనువుగా లేదని, మెల్లని దక్షిణపు గాలిని నమ్మి అదే దీవిలోని ఫీనిక్సు రేవుకు బయలుదేరారు. కాసేపటికే దీవి మీదినుంచి ఊరకులోను అనే పెనుగాలి విరుచుకుపడింది. ఎత్తైన కొండలు దాటి వచ్చిన ఉత్తరపు గాలి క్రీటు దక్షిణ తీరం మీద ఒక్కసారిగా కిందికి దూకుతుందని నేటి నావికులకూ తెలుసు. పద్నాలుగు రాత్రులు కొట్టుకుపోయి, ఓడ పగిలినా, 276 మందీ ప్రాణాలతో మెలితే (నేటి మాల్టా) చేరారు. ఫీనిక్సు ఉన్నదని భావించే లూట్రో గ్రామానికి ఇప్పటికీ రోడ్డు లేదు. పడవలోనో కాలినడకనో వెళ్లాలి. క్రీటు దాకా తెరచాప ఎత్తినవారు అక్కడ ఆగకుండా రావద్దని చెబుతాను.