ముంత చూశారు, నీళ్లు చూడలేదు

(కర్నూలులో వీధి తినుబండారాల వ్యాపారుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అక్కలకు, అన్నలకు నమస్కారం. పొద్దున ఉగ్గాణి, బజ్జీ అమ్మి, పెనాలు తోమి, కాసేపు కూడా నడుం వాల్చకుండా వచ్చారు. అందుకే నేరుగా విషయంలోకి వస్తాను.

మన బండి మీదికి ఇన్‌స్పెక్టర్ రావడం కొత్త కాదు. కర్నూలు మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడే, 1918లో కల్తీ నిరోధక చట్టం వచ్చింది. 1920 మునిసిపాలిటీల చట్టంతో మార్కెట్లకు, కసాయి అంగళ్లకు లైసెన్సులు, ముందుగా చెప్పకుండా తనిఖీలు, చెడిన సరుకు పట్టుకుని పారేసే అధికారం వచ్చాయి. ఇవి మంచి నియమాలే. కుళ్లిన మాంసం, ఈగలు వాలిన మిఠాయి పిల్లల ప్రాణం తీస్తాయి.

మా అవ్వ పాతబస్తీలో పాలు అమ్మేది. ఒకరోజు అధికారి వచ్చి ముంతలో లాక్టోమీటరు, అంటే పాలలో నీళ్లు కలిశాయేమో చూసే గీతల గొట్టం, వేశాడట. అది గీతకన్నా కిందికి మునిగింది. 'నీళ్లు కలిపావు' అని పాలన్నీ మోరీలో పోయించాడు. అవి అప్పుడే పిండిన పాలు, ఇంకా వెచ్చగా ఉన్నాయి. వెచ్చని పాలలో ఆ గొట్టం కాస్త ఎక్కువే మునుగుతుంది. చల్లారాక చూసి ఉంటే సరిపోయేది. ఇంకో సంగతి చూడండి. మీగడ తీస్తే పాలు చిక్కబడకపోయినా బరువెక్కుతాయి, గొట్టం పైకి తేలుతుంది. అప్పుడు కొలిచి నీళ్లు పోస్తే మళ్లీ సరిగ్గా గీత దగ్గరికే వస్తుంది. అంటే తెలివైన మోసగాడు తప్పించుకునేవాడు, పొద్దున్నే పిండి తెచ్చిన ఆడమనిషి దొరికిపోయేది. ఆ రోజు పోయిన పాల గురించి మా అవ్వ చివరిదాకా బాధపడింది.

అసలు బాధ అది కూడా కాదు. కలరా క్రిమి నీళ్లలో ఉంటుందని జర్మనీ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ 1884లోనే కలకత్తాలో చూపించాడు. ముంతలో పాలు కొలిచినవాళ్లు, ఆ ముంతను ఏ నీళ్లతో కడిగారో ఎందుకు అడగలేదు? పక్కనే తుంగభద్ర ఉంది. ఆ నీళ్లలోనే బట్టలు ఉతికేవాళ్లు, పశువులను కడిగేవాళ్లు. బిందెలు ముంచుకునేదీ అక్కడే.

1939లో మద్రాసు ప్రజారోగ్య చట్టం వచ్చింది. అంటువ్యాధి ఉన్నవాళ్లు తినేవి తయారు చేయకూడదు, అమ్మకూడదు అంది. బాగుంది. మరి మంచినీళ్ల సంగతి? స్థానిక సంస్థకు అధికారం ఉంటుందట, ప్రభుత్వం ఆదేశిస్తేనే అది తప్పనిసరి అవుతుందట. అమ్మేవాడికేమో ఏ ఆదేశమూ అక్కర్లేదు, మొదటి రోజు నుంచే తప్పనిసరి! ఈ తేడా నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఈరోజు మన బళ్ల దగ్గర చూడండి. ఒకే బకెట్టు, అందులో ముప్పై ప్లేట్లు ముంచి తీస్తాం. పదో ప్లేటుకే ఆ నీళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి, పైన నూనె తెట్టు కడుతుంది. మారుద్దామంటే కుళాయి రెండు వీధుల అవతల. బేరం వదిలి ఎలా వెళ్తాం?

2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం, ఊళ్లో వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది మనవాళ్లే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. అక్కడ కూర్చున్నప్పుడు గుర్తింపు కార్డుల మాట రెండోది. మొదటి మాటగా, బళ్లు నిలిచే ప్రతి చోటా ఒక కుళాయి, వాడిన నీళ్లు పోయే ఒక కాలువ అడగండి. అర్జీ రాసి తెచ్చాను. సంతకాలు ఇప్పుడే పెడదాం, ముందు వరుసలో అక్కతో మొదలుపెట్టండి.