పూల్ కట్టే ముందు లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి?

వ్యాఖ్యాత: నమస్కారం. ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు. ఆ ఇంట్లో ఈత కొలను కూడా కట్టుకుందామనుకునే వాళ్ల కోసం ఈ రోజు కార్యక్రమం. చాలా ఏళ్లుగా ఇళ్లలో పూల్స్ కట్టిస్తున్న సివిల్ ఇంజనీరు గారు మనతో ఉన్నారు. మొదటి కాల్ తీసుకుందాం. హలో, చెప్పండి.

మొదటి కాలర్: నమస్తే అండీ. పెరట్లో పూల్ కోసం ముగ్గురి దగ్గర కొటేషన్లు తీసుకున్నాం. ఒకాయన చెప్పిన రేటుకి ఇంకొకాయన సగానికే చేస్తానంటున్నారు. మా ఆయన ఆ తక్కువ చెప్పినాయనకే అడ్వాన్స్ ఇచ్చేద్దామంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది.

ఇంజనీరు: ఆ తక్కువ రేటు కాగితం దగ్గర ఉందామ్మా? ఉంటే ఒకసారి చదవండి.

మొదటి కాలర్: ఉందండీ. "పూల్ నిర్మాణం, టైల్స్, పంపు, ఫిల్టర్, పైపులు. పూర్తి పని." అంతే. కింద మొత్తం వేశారు.

ఇంజనీరు: తవ్విన మట్టి ఎవరు ఎత్తిపోస్తారో రాశారా? రాయి తగిలితే ఎవరి ఖర్చో?

మొదటి కాలర్: లేదండీ.

ఇంజనీరు: మోటారుకి కరెంటు లైను, ఎర్తింగ్? చుట్టూ జారని గచ్చు? కంచె? మొదటిసారి నింపే నీళ్లు?

మొదటి కాలర్: ఇవేవీ లేవండీ.

ఇంజనీరు: అయితే ఆ సగం రేటు సగం పనికే. మిగతాదంతా పని మధ్యలో 'ఎక్స్‌ట్రా' అంటూ వస్తుంది. అప్పటికి పెరడంతా గొయ్యి. మీరు వద్దనలేరు, ఇంకొకరిని పిలవనూ లేరు. అలాగని ఎక్కువ చెప్పినాయన అన్నీ కలిపారనీ అనుకోకండి. నేను ఇప్పుడు అడిగినవన్నీ మీరే ఒక కాగితం మీద రాసి ముగ్గురికీ ఇవ్వండి. ప్రతిదానికీ విడిగా రేటు రాసిమ్మనండి. అప్పుడే ఆ మూడు రేట్లనీ పోల్చి చూడగలం. సరే, సైజు ఎంత అనుకున్నారు?

మొదటి కాలర్: 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు. లోతు ఒక పక్క 1.2 మీటర్లు, రెండో పక్క 2.4.

ఇంజనీరు: 2.4 ఎందుకమ్మా?

మొదటి కాలర్: మా అబ్బాయి గట్టు మీద నుంచి దూకుతానంటున్నాడండీ.

ఇంజనీరు: బాబుకి నచ్చజెప్పండి. తల కిందుగా దూకడానికి లోతొక్కటే చాలదు, ఆ లోతు ముందుకి చాలా దూరం ఉండాలి. 8 మీటర్ల పూల్‌లో అడుగుభాగం వెంటనే పైకి లేస్తుంది, తలా మెడా దానికే తగులుతాయి. ఇంటి పూల్‌లో దూకడాలు వద్దు. ఇక డబ్బు సంగతి చూద్దాం. మీరు చెప్పిన లెక్కకి సగటు లోతు 1.8 మీటర్లు. అంటే 57,600 లీటర్లు. అదే ఒక పక్క 1.1, ఇంకో పక్క 1.5 పెట్టుకుంటే సగటు 1.3 అవుతుంది, 41,600 లీటర్లు సరిపోతాయి. అదే పొడవు, అదే వెడల్పు, ఈతా అదే. కానీ తేడా 16,000 లీటర్లు.

మొదటి కాలర్: అంత తేడా వస్తుందా!

ఇంజనీరు: నీళ్లతో ఆగదు. తవ్వకం తగ్గుతుంది, మట్టి లారీలు తగ్గుతాయి. తవ్వాక మట్టి గుల్లబారి పావు వంతు దాకా పెరుగుతుంది, ఆ సంగతి చాలామంది లెక్కలోకి తీసుకోరు. గోడల ఎత్తు, కాంక్రీటు, ఇనుము తగ్గుతాయి. ఫిల్టర్ చిన్నది చాలు, నీళ్లు శుభ్రంగా ఉంచే మందులు తక్కువ పడతాయి. డబ్బు చాలడం లేదని ఎవరొచ్చినా నేను మొదట చెయ్యి వేసేది లోతు మీదే. టైల్స్ నాసిరకం వేద్దామంటే ఒప్పుకోను.

వ్యాఖ్యాత: చేతిలో అదనంగా ఎంత ఉంచుకోవాలి సార్?

ఇంజనీరు: నేనైతే మొత్తం మీద నూటికి 15 నుంచి 20 విడిగా పెట్టమంటాను. ఎందుకంటే నేల లోపల ఏముందో తవ్వేదాకా తెలియదు. అడ్వాన్స్ ఇవ్వకముందే పూల్ లోతుకన్నా కాస్త ఎక్కువగా ఒక చిన్న గుంత తీయించండి. రెండు రోజులు వదిలేసి చూడండి. రాయి తగిలిందా, ఊట నీళ్లు చేరాయా తెలిసిపోతుంది. నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక ఇంట్లో ఫైబర్‌గ్లాస్ తొట్టె దించాం. ముసుర్లు పట్టిన రోజుల్లో కడగడానికని నీళ్లన్నీ తోడేశాం. తెల్లారి వెళ్లి చూస్తే ఒక మూల జానెడు పైకి లేచి ఉంది, చుట్టూ గచ్చు పలకలు పగిలిపోయాయి. కింద చేరిన ఊట నీళ్లు ఖాళీ తొట్టెని పడవలా లేపేశాయి. ఆ నీటిని లోపలికి వదిలే చిన్న వాల్వు ఒకటి అడుగున పెట్టి ఉంటే ఆ నష్టం జరిగేది కాదు. ఆ ఇంటావిడ మొహం నాకు ఇప్పటికీ గుర్తే.

మొదటి కాలర్: ముందు గుంత తీయిస్తానండీ. అడ్వాన్స్ ఇప్పుడే వద్దని మా ఆయనకి చెబుతా.

ఇంజనీరు: ఇచ్చేటప్పుడు కూడా విడతలుగా ఇవ్వండమ్మా. తొట్టె కట్టాక టైల్స్ వేయకముందే నీళ్లు నింపి వారం రోజులు ఉంచమనండి. మట్టం ఎంత తగ్గిందో చూశాకే తర్వాతి విడత. ఎండకి కొంత ఆవిరవుతుంది కాబట్టి, పూల్ లోపల నీళ్లలో ఉన్న మెట్టు మీద ఒక బకెట్టు నీళ్లు పెట్టి బకెట్టు లోపలా బయటా పెన్సిల్‌తో గీత గీయండి. రెండూ ఒకేలా తగ్గితే ఆవిరి. బయటి గీత దగ్గర ఎక్కువ తగ్గితే లీకు.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్. చెప్పండి.

రెండో కాలర్: సార్, కాంక్రీటా, ఫైబర్‌గ్లాసా, లైనరా? ఏది చవక?

ఇంజనీరు: కట్టేటప్పుడు సాధారణంగా లైనర్, అంటే తొట్టె లోపల పరిచే ప్లాస్టిక్ షీటు, చవక. కానీ ఆ షీటుని సుమారు పదేళ్లకోసారి మార్చాలి. కాంక్రీటుకి లోపలి ప్లాస్టరింగ్ పదీ పదిహేనేళ్లకి మళ్లీ చేయించాలి. ఫైబర్‌గ్లాస్ నున్నగా ఉంటుంది, పాచి తక్కువ, కాబట్టి మందులూ తక్కువే. కాకపోతే అది తయారై ఒకే ముక్కగా వస్తుంది. మీ సందులోకి లారీ, క్రేన్ వస్తాయా?

రెండో కాలర్: రావండీ, ఇరుకు సందు.

ఇంజనీరు: అయితే మిగిలినవి రెండే. పదిహేనేళ్ల ఖర్చు వేసి చూసుకోండి.

రెండో కాలర్: నెల ఖర్చు ఎక్కువ దేనికవుతుంది సార్?

ఇంజనీరు: వేడినీళ్ల పూల్ కాకపోతే సాధారణంగా పంపుకే. గంటకి ఒక యూనిట్ తాగే పంపు రోజుకి 8 గంటలు తిరిగితే నెలకి 240 యూనిట్లు. స్పీడు మార్చుకునే పంపు కొనేటప్పుడు ఖరీదే. అయితే స్పీడు సగానికి తగ్గిస్తే కరెంటు దాదాపు ఎనిమిదో వంతుకి పడిపోతుంది. అంతే నీరు తిరగడానికి రెట్టింపు గంటలు నడిపినా, లెక్క ప్రకారం పావు వంతు కరెంటే. వాస్తవంలో అంత మిగలకపోయినా, ఆ పంపు మీద పెట్టిన డబ్బు తిరిగి వస్తుంది. వాడనప్పుడు పూల్ మీద కవరు కప్పండి, నీళ్లూ వేడీ రెండూ నిలుస్తాయి.

వ్యాఖ్యాత: ఇంకో పెద్దాయన లైన్‌లో ఉన్నారు. చెప్పండి బాబాయ్ గారూ.

మూడో కాలర్: పూల్ పని అయిపోయింది నాయనా. అనుకున్నదాని కన్నా ఎక్కువైంది. కంచె తర్వాత వేయిద్దామని మా అబ్బాయి అంటున్నాడు. వచ్చే వారం నీళ్లు నింపుతారు. రంగు లైట్లు మాత్రం పెట్టించేశాడు, పక్కన కూర్చునే గట్టు కూడా కట్టిస్తున్నాడు.

ఇంజనీరు: ఇంట్లో చిన్నపిల్లలున్నారా అండీ?

మూడో కాలర్: మనవరాలుంది. మూడేళ్లు.

ఇంజనీరు: అయ్యా, చేతులెత్తి అడుగుతున్నాను, కంచె పడేదాకా నీళ్లు నింపనివ్వకండి. నీళ్లలో పడ్డ పిల్లలు అరవరు. పక్క గదిలో ఉన్నవాళ్లకి కూడా వినపడదు. నాలుగు వైపులా కనీసం 1.2 మీటర్ల ఎత్తు కంచె కావాలి. చువ్వల మధ్య 10 సెంటీమీటర్లకి మించి సందు ఉండకూడదు. ఇంటి గోడనే ఒక వైపు కంచెగా లెక్కపెట్టకండి, ఆ గోడకి తలుపు ఉంటుంది కదా. లైట్లు వెనక్కి తీసుకుంటారేమో అడగండి. లేదంటే కూర్చునే గట్టు పని ఆపించండి. అది మరో ఏడాదికైనా కట్టుకోవచ్చు.

మూడో కాలర్: ఈ మాటే చెబితే నన్ను చాదస్తం అంటున్నారు నాయనా.

ఇంజనీరు: ఇది చాదస్తం కాదండీ. అబ్బాయిని ఫోన్ దగ్గరికి రమ్మనండి, నేను మాట్లాడతాను.

మూడో కాలర్: ఉండు నాయనా, పిలుస్తాను.

వ్యాఖ్యాత: లైన్‌లోనే ఉందాం.

మూడో కాలర్ కుమారుడు: నమస్తే సార్. విన్నాను. గేటు ఎలాంటిది పెట్టాలి?

ఇంజనీరు: పూల్ వైపు కాకుండా బయటి వైపుకి తెరుచుకోవాలి. పాపకి అందని ఎత్తులో గొళ్లెం పెట్టండి. స్ప్రింగు ఉన్న కీళ్లు వేయించండి. మేస్త్రీ వెళ్లిపోకముందే గేటు కాస్త తెరిచి ఒకసారి, బార్లా తెరిచి ఒకసారి వదిలేయండి. రెండుసార్లూ దానంతట అదే వచ్చి గొళ్లెం టక్కున పడాలి. పడ్డాకే నీళ్లు వదలండి.