మణికట్టు దాకా: చేతికర్ర గురించి కొన్ని మాటలు

శ్రోతలందరికీ నమస్కారం.

వయసు పైబడినవారు, వైకల్యం ఉన్నవారు తమ పనులు తామే చేసుకోవడానికి ఈ రోజుల్లో ఎన్నో పరికరాలు వచ్చాయి. ఫోన్ తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఉంది. చెవిలో ఇమిడిపోయే వినికిడి యంత్రం ఉంది. బ్యాటరీతో నడిచే వీల్‌చైర్ ఉంది. అన్నిటి గురించీ చెప్పాలంటే ఈ సమయం చాలదు. అందుకని ఒక్కదాని గురించే మాట్లాడతాను. అన్నిటికన్నా పాతది, అన్నిటికన్నా చవకైనది, చాలా ఇళ్లలో తలుపు వెనకాల కనిపించేది. చేతికర్ర.

చేతికర్రలు రెండు రకాలు. ఒకటి ఒంటి బరువు మోసే కర్ర. మోకాళ్ల నొప్పులున్నవారు, తుంటికి ఆపరేషన్ అయినవారు, పక్షవాతం వచ్చి కోలుకుంటున్నవారు పట్టుకునేది. రెండోది దారి చూపే కర్ర. చూపు లేనివారి చేతిలో ఉండే తెల్ల కర్ర. ముందు ఆ తెల్ల కర్ర కథ చెబుతాను. అదంటే నాకు చాలా ఇష్టం.

ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ అనే ఊళ్లో జేమ్స్ బిగ్స్ అని ఒక ఫొటోగ్రాఫర్ ఉండేవారు. ఒక ప్రమాదంలో ఆయన చూపు పోయింది. ఇంటి చుట్టుపక్కల రోడ్ల మీద మోటారు బండ్ల రద్దీ పెరుగుతోంది. ఈయనకు కనపడదన్న సంగతి బండి నడిపేవాళ్లకు ఎలా తెలుస్తుంది? 1921లో ఆయన తన చేతికర్రకు తెల్ల రంగు వేసుకున్నారు. ఆ తెలుపు ఎదుటివాళ్ల కోసం. "నాకు కనపడదు, నువ్వు చూసుకుని వెళ్లు" అని దూరం నుంచే చెప్పడం కోసం.

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. చూపు పోగొట్టుకున్న సైనికుల్ని అమెరికాలో పెన్సిల్వేనియాలోని వ్యాలీ ఫోర్జ్ సైనిక ఆసుపత్రికి తీసుకొచ్చేవారు. అక్కడ రిచర్డ్ హూవర్ అనే సార్జెంట్ పనిచేసేవారు. సైన్యంలోకి రాకముందు అంధుల పాఠశాలలో టీచరు. ఆయన గమనించింది ఏమిటంటే, చూపు లేనివారి చేతికి కూడా అందరూ ఆనుకునే పొట్టి కర్రే ఇస్తున్నారు. పొట్టి కర్రతో ముందున్న గుంత సంగతి తెలిసేసరికి కాలు గుంతలోనే ఉంటుంది. ఇక ఏం లాభం?

ఆయన 1944లో కర్రను పొడుగు చేశారు. నిలబెడితే దాదాపు ఛాతీ దాకా వచ్చే కర్ర, తేలికపాటిది. దాన్ని పట్టుకునే పద్ధతి, ఊపే పద్ధతి కూడా తయారుచేశారు. ఎడమ కాలు ముందుకు పడుతున్నప్పుడు కర్ర మొన కుడివైపు నేలను తాకుతుంది. కుడి కాలు పడుతున్నప్పుడు ఎడమవైపు తాకుతుంది. అంటే, తర్వాత పడబోయే అడుగు చోటును కర్ర ఒక అడుగు ముందే తడిమి చూసి ఉంచుతుందన్నమాట. ఎనభై ఏళ్లు దాటిపోయినా ప్రపంచమంతా తెల్ల కర్రతో నడక నేర్పుతున్నది ఆ పద్ధతి ఆధారంగానే. మన హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థలో కూడా చూపు కోల్పోయినవారికి ఈ నడక నేర్పే విభాగం ఉంది. కంటికి ఇక చికిత్స లేదని డాక్టరు చెప్పేశాక కూడా వెళ్లాల్సిన చోటు ఒకటుందని చాలా కుటుంబాలకు తెలియదు. అందుకే ప్రత్యేకంగా చెబుతున్నాను.

అయితే ఆ పొడుగు కర్రకూ ఒక లోపం ఉంది. నేల మీద ఏముందో చెబుతుంది గానీ, మోకాలి పైన ఏముందో చెప్పదు. మన వీధుల్ని ఒకసారి గుర్తుచేసుకోండి. సందులోకి తెరిచి ఉంచిన కిటికీ రెక్క. తల ఎత్తులో వేలాడే వేపకొమ్మ. దుకాణం ముందు కట్టిన తడిక. రోడ్డు పక్కన ఆపిన లారీ. ఆ లారీ కిందకి కర్ర మొన సులువుగా దూరిపోతుంది. దారి ఖాళీగానే ఉందనుకుని మనిషి అడుగు వేస్తాడు. నుదుటికి ఇనుము తగులుతుంది.

2005 ప్రాంతంలో ఢిల్లీ ఐఐటీలో కొందరు విద్యార్థులు క్లాసు ప్రాజెక్టు కోసం ఏదైనా పనికొచ్చేది చేద్దామనుకున్నారు. రోహన్ పాల్ అనే విద్యార్థి వాళ్లలో ఒకరు. వాళ్లకు దారి చూపింది ప్రొఫెసర్ ఎం. బాలకృష్ణన్. ప్రయోగశాలలో కూర్చుని ఊహించుకోకుండా వాళ్లు చూపులేనివారి సంస్థకు వెళ్లారు. మీకు నడకలో ఏం ఇబ్బంది అని అడిగారు. కాళ్లకు తగిలేవాటితో ఎలాగో నెట్టుకొస్తాం, ఛాతీకీ తలకూ తగిలేవాటితోనే కష్టం అని జవాబు వచ్చింది.

ఆ జవాబులోంచి పుట్టిందే స్మార్ట్‌కేన్. తెల్ల కర్రను వాళ్లు తీసి పారేయలేదు. దాని పిడి మీద అమరే చిన్న పరికరం తయారుచేశారు. గబ్బిలం చీకట్లో ఎగురుతూ మన చెవికి వినపడని శబ్దం చేసి, అది దేనికైనా తగిలి తిరిగి వచ్చే ప్రతిధ్వనిని బట్టి అడ్డం ఎంత దూరంలో ఉందో తెలుసుకుంటుంది కదా. ఈ పరికరం చేసేదీ అదే. ఆ వినపడని శబ్దాన్నే అల్ట్రాసౌండ్ అంటారు. ఆరుబయట మూడు మీటర్ల దాకా, మోకాలి నుంచి తల ఎత్తు దాకా ఏదైనా అడ్డం ఉంటే పసిగట్టి, చేతిలో వణుకుతుంది. అడ్డం దగ్గరవుతున్న కొద్దీ ఆ వణుకు తీరు మారుతుంది.

మోగకుండా వణకడం ఎందుకంటే, చూపు లేని మనిషికి చెవే కన్ను. వెనక వచ్చే ఆటో, పక్కన నడిచే మనుషులు, ఎదుట టీకొట్టు, అన్నీ చెవితోనే తెలియాలి. ఆ చెవిలో పరికరం కూడా బీప్ బీప్ అని మోగుతుంటే మంచికన్నా చెడే ఎక్కువ. ఇంకో సంగతి కూడా ఉంది. అందరూ కర్రను ఒకేలా పట్టుకోరు. ఒకరు చూపుడు వేలు చాచి పట్టుకుంటారు, ఒకరు పెన్ను పట్టుకున్నట్టు పట్టుకుంటారు. ఎలా పట్టుకున్నా పరికరం ముందుకే చూసేలా చేయాలి. ఇవన్నీ వాడేవాళ్లతో కలిసి కూర్చుంటేనే తెలుస్తాయి. క్లాసు ప్రాజెక్టు అమ్మకానికి వచ్చేసరికి 2014 అయింది. తయారీ చెన్నైలోని ఒక కంపెనీ చేపట్టింది. ధర మూడు వేల రూపాయల ప్రాంతంలో ఉండేలా చూశారు. విదేశాల్లో అలాంటి పరికరాల ధర పదుల వేలల్లో ఉండేది.

ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చింది అల్ట్రాసౌండ్ కాదు. ముందు అడగడం. మీకేం కావాలి అని అడగడం. మన ఇళ్లలో పెద్దవాళ్లకు కర్ర కొనేటప్పుడు మనం సాధారణంగా చేయని పని అదే.

ఇప్పుడు మొదటి రకం కర్రకు వద్దాం. బరువు మోసే కర్ర.

మా పెద్దమ్మకు మోకాలి నొప్పి. కొడుకు పట్నం నుంచి మంచి అల్యూమినియం కర్ర కొని తెచ్చాడు. మెరుస్తూ ఉండేది. ఆవిడ కొన్నాళ్లు పట్టుకుని, భుజం లాగుతోందని తలుపు వెనకాల పెట్టేసింది. ఇంట్లో వాళ్లేమో, "అమ్మకు నామోషీ, అందుకే పట్టుకోవడం లేదు" అనేవారు. ఒకసారి వేరే పని మీద ఇంటికొచ్చిన ఫిజియోథెరపీ అమ్మాయి ఆ కర్ర చూసింది. "పెద్దమ్మా, ఒక్కసారి చెప్పులేసుకుని నిటారుగా నిలబడండి" అంది. "చేతులు రెండూ కిందకి వదిలేయండి, గట్టిగా పెట్టుకోకండి." కర్ర తెచ్చి పక్కన నిలబెట్టింది. పిడి మణికట్టుకు బెత్తెడు పైన ఉంది. కర్ర కింది భాగంలో ఉండే బటన్ నొక్కి, రెండు చిల్లులు కిందకి దించింది. అంతే. ఆ సాయంత్రం మా పెద్దమ్మ కర్ర పట్టుకుని వీధి చివర గుడి దాకా వెళ్లొచ్చింది. నామోషీ ఏమీ లేదు. కర్ర ఎత్తు ఎక్కువైంది, అంతే.

కాబట్టి ఈ రోజు నా మాటల్లో ఒక్కటి గుర్తుంచుకోమంటే, ఇది గుర్తుంచుకోండి. చేతికర్ర పిడి మణికట్టు దాకా ఉండాలి. రోజూ వేసుకునే చెప్పులు వేసుకుని, నిటారుగా నిలబడి, చేతులు వదిలేస్తే, మణికట్టు దగ్గర మడత ఉంటుంది చూడండి, అక్కడికి పిడి రావాలి. అలా ఉంటే పట్టుకున్నప్పుడు మోచెయ్యి కొంచెం వంగి ఉంటుంది. ఎత్తు ఎక్కువైతే భుజం పైకి లేస్తుంది, నొప్పి పుడుతుంది. తక్కువైతే మనిషి ముందుకు వంగిపోతాడు, నడుం పట్టేస్తుంది. మణికట్టు దాకా. వాకర్‌కూ ఇదే కొలత.

చెక్క కర్ర అయితే బటన్ ఉండదు. కొలిచి, ఎక్కువున్నంత మేరకు వడ్రంగి చేత అడుగున కోయించండి. ఒకరి కర్ర ఇంకొకరికి ఇచ్చేటప్పుడు మళ్లీ కొలవండి. తాతగారి కర్ర నానమ్మకు సరిపోదు.

రెండో ప్రశ్న. ఏ చేత్తో పట్టుకోవాలి? నొప్పి కుడి కాలికి ఉంటే, చాలామంది కుడి చేత్తోనే పట్టుకుంటారు. చూడ్డానికి అదే సబబుగా అనిపిస్తుంది. కానీ పట్టుకోవలసింది ఎడమ చేత్తో. నొప్పి ఉన్న కాలికి ఎదుటి చెయ్యి. మనం ఒక కాలి మీద నిలబడినప్పుడు నడుం ఒక పక్కకు ఒరిగిపోకుండా ఆ తుంటి దగ్గరి కండరాలు గట్టిగా లాగి పట్టుకోవాలి. అప్పుడు తుంటి కీలు మీద పడే భారం మన ఒంటి బరువుకు రెండున్నర, మూడు రెట్లు ఉంటుంది. కర్ర ఎదుటి పక్కన ఉంటే ఆ ఒరగడాన్ని అది ఆపుతుంది. కండరాలు అంతగా లాగనక్కర్లేదు. కీలు మీద భారం బాగా తగ్గుతుంది. నడిచేటప్పుడు కర్ర, నొప్పి కాలు కలిసి ముందుకు పడాలి. ఆ తర్వాత మంచి కాలు. పక్షవాతం వచ్చినవారికి ఇందులో సందేహమే లేదు, బాగున్న చేత్తోనే పట్టుకుంటారు. మళ్లీ చెబుతున్నాను. నొప్పి కాలికి ఎదుటి చెయ్యి.

మూడోది, కర్ర అడుగున ఉండే రబ్బరు బుష్. దాన్ని ఎవరూ పట్టించుకోరు. కర్ర తిరగేసి చూడండి. రబ్బరు మీద గుండ్రటి గాడులు కనిపించాలి. అవి అరిగి నున్నగా అయిపోతే ఆ కర్ర తడి నేల మీద జారుతుంది. ఇప్పుడు మన ఇళ్లలో కడప బండలు పోయి టైల్స్, గ్రానైటు వచ్చాయి. తడి గుడ్డ పెట్టి తుడిచాక వాటి మీద ఆరోగ్యంగా ఉన్నవాళ్లమే జారుతున్నాం. కొత్త బుష్ ధర కర్ర ధరలో చాలా చిన్న భాగం. మందుల షాపులో అడగండి, కర్ర వెంట తీసుకెళ్లి సైజు చూసుకోండి. గొడుగును చేతికర్రగా వాడే పెద్దలకు ఒక విన్నపం. గొడుగు మొనకు పట్టు ఉండదు, దాని ఎత్తు మీ మణికట్టును చూసి చేసింది కాదు. వాన నుంచి కాపాడుకోవడానికే దాన్ని ఉంచండి.

కర్ర కొనే స్తోమత లేనివారి కోసం కేంద్ర ప్రభుత్వం రాష్ట్రీయ వయోశ్రీ యోజన అనే పథకం పెట్టింది. 2017 ఏప్రిల్ 1న అది మొదలైంది మన నెల్లూరు జిల్లాలోనే. అరవై ఏళ్లు నిండిన పేద వృద్ధులకు చేతికర్రలు, వాకర్లు, వీల్‌చైర్లు, వినికిడి యంత్రాలు, కళ్లద్దాలు, కట్టుడు పళ్లు ఉచితంగా ఇస్తారు. కాన్పూర్‌లో ఉన్న ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో వీటిని అందజేస్తుంది. మీ ప్రాంతంలో శిబిరం పెట్టినప్పుడు వెళ్లండి. కర్ర తీసుకుని వెంటనే వచ్చేయకండి. "నాకు ఎత్తు సరిచేసి ఇవ్వండి" అని అక్కడే అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు. రద్దీలో వాళ్లు మర్చిపోవచ్చు, మీరు మర్చిపోకండి. పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లే పిల్లలు ఈ ఒక్క పని తప్పకుండా చేయించండి.

సమయం దగ్గరపడింది. మెట్ల సంగతి చెప్పి ముగిస్తాను, ఎందుకంటే చాలామంది భయపడేది అక్కడే. గోడకు పట్టుకునే కడ్డీ ఉంటే ఒక చెయ్యి దాని మీద, రెండో చేతిలో కర్ర. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు పై మెట్టు మీద పెట్టాలి, తర్వాత నొప్పి కాలు, కర్ర. దిగేటప్పుడు కర్ర, నొప్పి కాలు ముందు కింది మెట్టు మీదికి, తర్వాత మంచి కాలు. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు. దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. మొదట్లో ఇంట్లో ఒకరు పక్కన ఉండి, ఒకే ఒక్క మెట్టు మీద ఎక్కి దిగి అలవాటు చేసుకోండి. పక్కన నిలబడే మనిషి దిగేటప్పుడు ఒక మెట్టు కింద ఉండాలి, ఎక్కేటప్పుడు ఒక మెట్టు వెనక ఉండాలి.

సెలవు. నమస్కారం.